ఎవరికి ఏటి తెలుసు?

మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయన్నే తిట్టుకుంటూ ఉన్నాను. ముందు రోజు సాయంత్రం ఆయన దగ్గర్నుంచి మూడు మిస్డ్ కాల్స్. ఎత్తలేదు. ఎత్తితే "బాగున్నావా" అనరు, "తిన్నావా" అనరు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగానే "ఏటి, సెప్పీసినావా?" అంటారు. పదకొండేళ్ళుగా ఇదే ప్రశ్న. రిటైరయ్యాక ఈయనకి పనీపాటా లేక నా ప్రాణానికి తగులుకున్నారు అనుకుంటూ మామిడికాయ తరుగుతున్నాను. ఇంతలో ఆయన కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మావయ్య పొద్దున్న పోనారక్కా. కాఫీ గ్లాసు కింద పెట్టి అలాగ ఒరిగిపోనారు" అంది. తరిగిన ముక్కలు అక్కడే వదిలేసి వంటింటి గుమ్మంలో కూలబడ్డాను.

పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. రాస్తాను. కానీ ఈ భూమ్మీద నన్ను ఆయన విసిగించినంతగా ఇంకెవరూ విసిగించలేదు. అది దాచిపెట్టి ఉత్త మంచే రాస్తే ఆయన ఎక్కడున్నా ఎర్రసిరా పెన్ను తీసి, అడ్డంగా గీత కొట్టి, "మళ్ళీ రాయి" అంటారు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రామతీర్థం దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన తెలుగు మాస్టారు. చొక్కా జేబులో పెన్ను పక్కనే సుద్దముక్క పెట్టుకునేవారు కాబట్టి ఏ చొక్కా వేసినా ఎడమవైపు తెల్లగా ఉండేది. పాఠం చదివేటప్పుడు అచ్చులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా చదివేవారు. పుస్తకం మూశారంటే మాత్రం మా ఊరి మాటే. "తెలుగు మాస్టారై ఉండి సెప్పు, సూడు అంటారేమిటండీ?" అని ఒకసారి తనిఖీకి వచ్చినాయన అడిగాడు. "అది నా ఉద్యోగం భాష బాబూ, ఇది నా నోటి భాష. రెండూ కలిపీసినాననుకో, రెండూ పాడైపోతాయి" అన్నారు మాస్టారు. తనిఖీ ఆయన ఏం రాసుకుపోయాడో మాకు తెలియదు.

ఆయనకి ఒక పాడు అలవాటు ఉండేది. ఎవరు ఏ సంగతి చెబుతున్నా మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు. ఆ సంగతి ఆడికెప్పుడు తెలిసింది?" అనేవారు. పెళ్ళిలో అంతే, చావింట్లో అంతే. ఒకరోజు సముద్రం వైపు నుంచి బుట్టతో వచ్చే చేపలావిడ వాళ్ళ అరుగు మీద కూర్చుని, తన అల్లుడు పడవ ఇంజను చాటుగా అమ్మేసుకున్నాడని చెప్పుకుని ఏడుస్తోంది.

"ఆగాగు. ఇంజను అమ్మినట్టు నీకు ముందు తెలిసిందా, నీ కూతురికి ముందు తెలిసిందా?" అన్నారీయన.

"ఎవులికి ముందు తెలిస్తే ఏటి బాబూ, ఇంజను పోనాది కదా!"

"అదే కదా అసలు సంగతి. నీకు ముందు తెలిసుంటే ఇది నీ కత. దానికి ముందు తెలిసి నీకు సెప్పకుండా ఊరుకుందనుకో, అప్పుడిది దాని కత."

"కతా నేదు, గితా నేదు. ఎండెక్కిపోతంది, నా కవళ్ళ సేపలు పాడైపోతన్నాయి. కొంటావా, కొనవా?"

కొన్నారు. పాడైపోయాకే కొన్నారు. ఆ చేపలు పెరట్లో పారబోస్తూ ఆయన భార్య తిట్టిన తిట్లు వీధంతా విన్నాం.

ఈ అలవాటంతా ఒక పాత కథ వల్ల వచ్చింది. అది మా పాఠ్యపుస్తకంలో ఉన్నది కాదు, ఆయన గుడ్డసంచిలో ఉన్నది. అట్ట ఊడిపోయి, అంచులు చిరిగిపోయిన ఒక కథల పుస్తకంలో ఉండేది. ఏటా పదో తరగతికి వారం రోజులు ఆ ఒక్క కథే చెప్పేవారు. సిలబస్ పూర్తికాకపోయినా సరే, అది మాత్రం చెప్పాల్సిందే.

కథ చిన్నదే. ఒక పిల్లది ఎడమచేతి వాటం. ఆ రోజుల్లో అది తెలిస్తే సంబంధం రాదు. తల్లిదండ్రులు దాచిపెట్టి పెళ్ళి చేసేస్తారు. కాపురానికి వచ్చిన పిల్ల అన్ని పనులూ కుడిచేత్తోనే చెయ్యాలి. చెంబు జారిపోతుంది, గరిటె తప్పుతుంది, వాకిట్లో ముగ్గు వంకరగా వస్తుంది. "ఇంత అడ్డగోలు పిల్లని ఎక్కడ పట్టుకొచ్చార్రా" అని అత్త రోజూ దెప్పుతుంది. ఒకరోజు భర్త అనుకోకుండా పెరటి వైపు వస్తాడు. ఎవరూ లేరనుకుని ఆ పిల్ల నేల మీద ఎడమచేత్తో ముగ్గు వేసుకుంటూ ఉంటుంది. అంత అందమైన ముగ్గు అతను ఎప్పుడూ చూసి ఉండడు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత నుంచి పెరట్లోకి వచ్చేటప్పుడల్లా నాలుగడుగుల ముందే గట్టిగా దగ్గుతాడు. అంతే, కథ అయిపోయింది.

మాస్టారు బోర్డు మీద అడ్డంగా మూడు గీతలు గీసేవారు. పై గీత భర్తది, మధ్య గీత భార్యది, కింద గీత చదివేవాడిది. ఏ సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసిందో ఆ గీత మీద ఒక చుక్క. "ఎవరికి ఏటి తెలుసు? ఎప్పుడు తెలుసు? ఈ రెండు ప్రశ్నలు ఏసుకుంటే ఏ కతైనా ఇప్పీవచ్చు. సుక్కకీ సుక్కకీ మధ్య ఉన్న ఖాళీ ఉన్నాదే, అదే కత. ఆ ఖాళీ నేకపోతే అది పేపర్లో వార్త" అనేవారు.

"పతాక సన్నివేశం ఏది?" అని అడిగితే మేమంతా ఒక్క గొంతుతో, "ఎడమచెయ్యి చూసిన చోట సార్!" అనేవాళ్ళం.

"కాదు. సూడ్డం ఎవడైనా సూస్తాడు. సూసినాక ఏటి సేసినాడన్నదే ముఖ్యం. దగ్గినాడు. ఆ దగ్గు దగ్గర కత మలుపు తిరిగింది. అంతవరకూ మోసం ఆ పిల్లది. ఆ దగ్గుతో ఆడూ అందులో సగం పుచ్చుకున్నాడు."

నాకు ఒళ్ళు మండేది. పరీక్షలో రాశాను: 'తెలిసీ తెలియనట్టు నటించడం కూడా మోసమే. భార్య భయంతో దాచింది. భర్తకి ఏ భయమూ లేదు, అయినా దాచాడు. ఇద్దరిలో పెద్ద మోసం అతనిదే.' పదికి నాలుగు మార్కులు వేసి పక్కన ఎర్రసిరాతో 'మళ్ళీ చదువు' అని రాశారు. నేను పేపరు పట్టుకుని మధ్యాహ్నం భోజనం బెల్లులో స్టాఫ్ రూముకి వెళ్ళాను. అక్కడ ఆయనొక్కరే ఉన్నారు. "ఎందుకు సార్ నాలుగు? ఏం తప్పు రాశాను?" అని గట్టిగానే అడిగాను. ఆయన నవ్వుతూ ఏదో అనబోయారు. ఆ మాట నేను వినలేదు. అప్పుడే నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి పక్కకి తిరిగి పడుకుని ఉన్నాను. తల కింద ఆయన గుడ్డసంచీ, అందులో ఆ కథల పుస్తకం గట్టిగా తగులుతోంది. బడి అటెండరు తాళాల గుత్తి పట్టుకుని, నా చేతిలో ఇనుము పెట్టాలని కంగారు పడుతున్నాడు. "ఇనుముతో ఏటి పని? తీసీ అవతలికి! ఎండకి కళ్ళు తిరిగినాయి, అంతే. ఇంకో మాట బైటికి పోకూడదు" అని మాస్టారు కసిరారు. అది ఆయన నా కోసం ఆడిన మొదటి అబద్ధం. మర్నాడు నాన్ననీ నన్నూ బస్సెక్కించి విజయనగరంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఆయనే. డాక్టరు నాన్నకీ మాస్టారికీ జాగ్రత్తలు చెబుతుంటే నేను బయట బల్ల మీద కూర్చున్నాను. రోజూ మాత్ర వేసుకోవాలన్నది మాత్రం నాకు అర్థమైంది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చి, డిగ్రీలో చేరేసరికి పూర్తిగా ఆగిపోయింది. మాత్ర మాత్రం ఆగలేదు.

ఇక పెళ్ళి. మా వైపు సంబంధం అనుకున్నాక జాతకాల కంటే ముందు వాకబు. మగపెళ్ళివారు ఊళ్ళోకి వచ్చి ముందు పిల్ల ఇంటికి వెళ్ళరు, పిల్ల చదివిన బడికి వెళ్తారు. మాస్టారు ఏమంటే అదే తీర్పు. పైగా మా మాస్టారు అబద్ధం ఆడరని చుట్టుపక్కల పేరు. సొంత మేనల్లుడి గురించి వాకబుకి వస్తే "ఆడొట్టి బద్ధకస్తుడు" అని సంబంధం చెడగొట్టిన మనిషి.

నౌపడ వైపు నుంచి పెళ్ళికొడుకూ అతని మేనమామా వచ్చారు. "పిల్లకి ఏటైనా నలతా గిలతా ఉన్నాదా మాస్టారూ?" అని మేనమామ అడిగాడట. "నాను పాఠం సెప్పిన పిల్లల్లో దీనంత నిబ్బరమైన గుంట నేదు. ఒంట్లో ఏటీ నేదు. కళ్ళు మూసుకుని సేసుకోండి" అన్నారట మాస్టారు. ఆ మాట విని మా నాన్న పెరట్లోకి వెళ్ళి ఏడ్చాడు.

పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి వంగి మాస్టారు నా చెవిలో ఏమన్నారో తెలుసా? ఆశీర్వాదం కాదు. "అబద్ధం నాను ఆడినాను. నిజం నువ్వు సెప్పాల. బేగి సెప్పీ" అన్నారు. ఏ మనిషైనా తలంబ్రాల ముందు ఈ మాట అంటాడా?

నేను చెప్పలేదు. మాత్రలు థైరాయిడ్‌వని చెప్పాను. పాప పుట్టినప్పుడు పురుడు మా అమ్మగారింట్లోనే కాబట్టి డాక్టరమ్మతో చెప్పుకున్న మాటలు ఇటువైపు రాలేదు. మొదట్లో రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకునేదాన్ని. పెళ్ళయిన రెండో ఏడు మా వీధిలో ఒక కోడలి వీపు మీద తెల్లమచ్చ ఉందని, పెళ్ళికి ముందు దాచారని, పట్టపగలు ఆటో ఎక్కించి పుట్టింటికి పంపేశారు. ఆ పిల్ల ఆటోలోంచి తల బయటికి పెట్టి మా అందరి వైపూ చూసింది. మా ఆయన ఆ పూట అన్నం ముందు కూర్చుని, "అన్నేయం" అని ఒక్క మాట అని లేచిపోయాడు. తనదాకా వస్తే తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకున్నాను.

మాస్టారు ఊరుకుంటేనా! నెలకోసారి ఫోన్. "ఏటి, సెప్పీసినావా?" లేదు సార్. "ఎత్తుగడ నాను రాసినాను. ముగింపు నువ్వే రాయాల. నాను రాసీకూడదు." మా కాపురం ఆయనకి కథలా కనిపిస్తోందా అని నాకు కాలిపోయేది. "అబద్ధం ఆడమని మిమ్మల్ని నేనడిగానా?" అని ఒకసారి అరిచేశాను. "నేదు. అందుకే కదా నాకు నిద్ర పట్టనిది" అన్నారు. ఆ తర్వాత నెల మళ్ళీ ఫోన్, మళ్ళీ అదే ప్రశ్న.

నన్ను విసిగించేవాళ్ళలో రెండోవాడు మా ఆయన. ఆయన సంగతీ ఇక్కడే చెప్పాలి. ఆయనది వెల్డింగ్ షాపు. ఇనుము చేతిలో పెడితే జబ్బు తగ్గుతుందన్నారు కదా, చివరికి నన్నే ఇనుము పనివాడి చేతిలో పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ గేట్లూ, గ్రిల్సూ, గడియలూ చేసిచ్చేది ఆయనే. అలాంటి మనిషి ఇంట్లో స్నానాల గది తలుపుకి గడియ లేదు! పదకొండేళ్ళు అడిగాను. "ఉప్పుమడుల గాలి. నెల్లాళ్ళలో తుప్పు పట్టి ఊడిపోతాది, ఏల దండగ?" అంటాడు. మరి వీధి గుమ్మానికి గడియ ఎలా నిలిచింది? తలుపుకి బకెట్టు అడ్డం పెట్టుకుని స్నానం చేసే బతుకైంది నాది. పోనీ ఆ టైముకి అటు రాకుండా ఉంటాడా అంటే, నేను స్నానానికి వెళ్ళినప్పుడే ఆయనకి పెరట్లో పని గుర్తొస్తుంది. పాత ఇనపముక్కలు ముందేసుకుని టక్ టక్ మని కొడుతూ కూర్చుంటాడు. మధ్యలో ఒకసారి, "ఒసే, నీలు సాలా?" అని కేక. "సాలు!" అని లోపల్నుంచి నేను అరవాలి. అరిచేదాకా ఊరుకోడు. చుట్టాల ముందు కూడా ఇదే వరస.

ఒకసారి టెక్కలిలో పెళ్ళికి వెళ్ళాం. తీరా అక్కడికి వెళ్ళాక చదివింపు చీర ఇంట్లో మర్చిపోయామని గుర్తొచ్చింది. నేను తెస్తానని బండేసుకుని వెళ్ళిన మనిషి చీర తేలేదు, నా థైరాయిడ్ మాత్రల అట్ట తెచ్చాడు. "ఇవీ మర్సిపోనావు కదా" అన్నాడు. చీరేదీ అంటే తల గోక్కున్నాడు. పెళ్ళివారి ముందు తలెత్తుకోలేకపోయాను. ఇదంతా నేను మా స్కూల్లో టీచర్లకి చెప్పి నవ్వించేదాన్ని.

నేనూ తెలుగు టీచర్నే అయ్యాను మరి. పక్క ఊరి హైస్కూల్లో ఉద్యోగం. ఏటా పదో తరగతికి ఆ ఎడమచేతి పిల్ల కథ చెబుతాను. బోర్డు మీద మూడు గీతలూ గీస్తాను. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అని పిల్లల్ని నిలబెట్టి అడుగుతాను. పెద్ద తెలిసినదానిలాగ.

మాస్టారి ఇంటికి ఇద్దరం వెళ్ళాం. నేను ఏడ్చాను సరే, మా ఆయన ఏడ్చిన తీరు చూసి నాకే ఆశ్చర్యం వేసింది. పట్టుమని పదిసార్లు చూడని మనిషి కోసం కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. పాడె మోశాడు. మాస్టారికి తొడిగిన తెల్లచొక్కా జేబులో కోడలు పెన్నూ, సుద్దముక్కా పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి విజయనగరంలో పాసింజరు ఎక్కాం. జనం పెద్దగా లేరు. కిటికీ పక్కన కూర్చుని లెక్కేసుకున్నాను. అటెండరు ఎప్పుడో పోయాడు. మా నాన్న పోయాడు. అమ్మ చచ్చినా చెప్పదు. ఇప్పుడు మాస్టారూ పోయారు. ఇంక నన్ను "సెప్పీసినావా?" అని అడిగేవాళ్ళు ఈ లోకంలో లేరు. నా అబద్ధానికి ఇక ఏ ప్రమాదమూ లేదు. గుండెలు తేలికపడాలి కదా? పడలేదు. ఇన్నాళ్ళూ ఆ అబద్ధాన్ని ఒక కొసన ఆయన పట్టుకుని ఉన్నారని, ఇప్పుడు మొత్తం నా ఒక్కదాని చేతుల్లో పెట్టి పోయారని అప్పుడు తెలిసింది. ఇలాగే చచ్చేదాకా ఒక్కదాన్నే మొయ్యాలా అనిపించి భయం వేసింది.

పొందూరు దాటింది. మా ఆయన వేరుశెనక్కాయలు వలిచి నా చేతిలో పెడుతున్నాడు.

"బావా, నీకో సంగతి చెప్పాలి. విన్నాక నువ్వు నన్ను పుట్టింట్లో దింపేసినా సరే" అన్నాను. చెప్పేశాను. స్టాఫ్ రూమూ, తాళాల గుత్తీ, డాక్టరూ, మాత్రలూ, అన్నీ. ఆయన మొహం చూడకుండా, కిటికీ ఊచలు చూస్తూ చెప్పాను.

ఆయన కాయలు వలవడం ఆపలేదు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అదే. ఫిట్స్ సంగతి."

"ఎప్పటినుంచి తెలుసు?"

అడిగాక నాకే వినపడింది, అది ఎవరి ప్రశ్నో.

"పెళ్ళికి ముందు నుంచీ. ఆ రోజు మావ వాకబు సేసి బండి దగ్గరికెల్లినాక, మాస్టారు నన్ను టీకొట్టు పక్కకి పిలిసినారు. 'మీ పెద్దోలకి సెప్తే సంబంధం తెగిపోతాది. నువ్వు సేసుకునేవోడివి, నీకు సెప్పకపోతే తప్పు. ఇష్టం నేకపోతే నీకు నువ్వే ఏదో వంక పెట్టి మానీ, పిల్ల పేరు బైటికి తేకు' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"కాసేపు ఆలోసించినాను. ఇంకో టీ తాగినాను. పిల్ల నవ్వుతాదా అండీ అని అడిగినాను. 'నవ్వదు బాబూ, దెబ్బలాడతాది' అన్నారు. సర్లే అనుకున్నాను."

పర్సు తీశాడు. అందులో ప్లాస్టిక్ కవర్లో మడత పెట్టిన కాగితం. విప్పితే ఎర్రసిరా. ఆ అక్షరాలు నాకు తెలియకపోవడమేమిటి! డాక్టరు చెప్పిన జాగ్రత్తలు వరసగా రాసి ఇచ్చారు. మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదు. నిద్ర చెడగూడదు. వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. అన్నిటికంటే పైన: స్నానాల గదికి లోపల గడియ ఉండకూడదు.

నాకు తెలియని సంగతి కాదది. ఎప్పుడో చదివాను. జబ్బు పోయిందనుకున్న మనిషిని కదా, అది నాకు కాదనుకున్నాను.

"మరి పదకొండేళ్ళు నాటకం ఆడారా ఇద్దరూ?" అని అరిచాను. ఎదురు సీట్లో ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "నా జబ్బు, నా సంగతి! నన్నడక్కుండా నీకు చెప్పడానికి ఆయనెవరు? తెలిసి నోరు మూసుకోడానికి నువ్వెవరు? రోజూ చస్తూ బతికాను నేను!"

"ఒట్టేయించుకున్నారే. 'తనంతట తను సెప్పేవరకూ నీకు తెలీదు. నువ్వు ముందే తెలుసన్నావనుకో, బతుకంతా నీ దయ మీద ఉన్నాననుకుంటాది. తనే సెప్పిందనుకో, నీకు సమానంగా నిలబడి సెప్తాది' అన్నారు. నాను వారం, పది రోజులనుకున్నాను. ఇంత మొండిదానివని ఎవులికి తెలుసు? నెలకోసారి నానే ఫోన్ సేసి, ఇంకా నేదు మాస్టారూ అని సెప్పీవోన్ని. అప్పుడాయన నీకు సేసీవోరు."

"మొన్న?"

"మొన్నా సేసినాను. ఒంట్లో బాగునేదన్నారు. 'ఉండు, దానికోసారి సేస్తాను' అన్నారు."

మూడు మిస్డ్ కాల్స్. నేనప్పుడు ఫోన్ వైపు చూసి, బోర్లా తిప్పి పెట్టాను. రైలు శ్రీకాకుళం రోడ్డులో ఆగేవరకూ ఏడ్చాను. ఎవరి మీద కోపమో, ఎవరి కోసం ఏడుపో విడదీసి చెప్పలేను. మా ఆయన మిగిలిన వేరుశెనక్కాయలన్నీ వలిచి నా ఒళ్ళో పోశాడు.

మాస్టారూ, మీరు చదవరని తెలిసీ రాస్తున్నాను. నా జవాబు మారలేదు. తెలిసీ తెలియనట్టు ఉండడం మోసమే. మీరిద్దరూ కలిసి నన్ను మోసం చేశారు. కాకపోతే పదికి నాలుగు మార్కులు సరైనవే, అంతకంటే ఇవ్వక్కర్లేదు. ఆ భర్త మోసగాడని రాసి వదిలేశాను గానీ, రోజూ దగ్గడం ఎంత ఓపిక ఉంటే అయ్యే పనో రాయలేదు. ఒక్క ఫోన్ ఎత్తి ఉంటే ఈ ముక్క మీకే చెప్పేదాన్ని. అదొక్కటే నన్ను తినేస్తోంది.

మర్నాడు పొద్దున్న స్నానానికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి, బకెట్టు అడ్డం పెట్టబోయి ఆగాను. తలుపు లోపలివైపు, గడియ ఉండాల్సిన చోట నాలుగు చిన్న చిల్లులు ఉన్నాయి. లప్పం పెట్టి పూడ్చి పైన రంగు వేసినవి. పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్నవే. తలుపు చేసినవాడు చేతకానివాడనుకునేదాన్ని. గడియ లేకపోవడం కాదు, గడియ ఉండేది. నేను ఈ ఇంట్లో కుడికాలు పెట్టకముందే స్క్రూలు విప్పి తీసేశాడు.

బకెట్టు పక్కకి జరిపేశాను. బయట పెరట్లో ఇనపముక్కల మీద టక్ టక్ మొదలైంది.

"ఒసే, నీలు సాలా?"

రోజూ విసుగ్గా అరిచే మాటే. ఇవాళ గొంతులోంచి రాలేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. టక్ టక్ ఆగిపోయింది. ఇనపముక్క కింద పడిన చప్పుడు, ఆ వెంటనే గబగబా అడుగులు. తలుపు దాకా వచ్చి ఆగాయి. చెక్కకి అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది.

"సాలు బావా" అన్నాను.

అడుగులు కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్ళాయి. టక్ టక్ మళ్ళీ మొదలైంది.